సగం నెమలి

నవంబర్ 8, శనివారం

రోహిణి లాప్‌టాప్‌లో ఈ రోజు లినక్స్ ఎక్కించాను. పొద్దున మంచం పట్టిన ముసలాడిలా మూలిగిన యంత్రం సాయంత్రానికి లేచి కూర్చుంది. మీట నొక్కితే టీ చల్లారేలోపు తెరుచుకుంటోంది.

ఈ లినక్స్ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు నేను నమ్మలేదు. పాతదైపోయిందని అందరూ వదిలేసిన కంప్యూటర్‌కి ఊరికే దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటుందట. ముక్కూ మొహం తెలియని వాళ్లు తలో చెయ్యీ వేసి రాశారట. లోపల ఏం రాశారో ఎవరైనా చూసుకోవచ్చట, మార్చుకోవచ్చట. విని మా సింహాచలం, "ఊరికినే ఇచ్చినోడు రేపొద్దున ఏటో ఒకటి అడుగుతాడు, సూసుకో" అంది. నాకు మాత్రం మా వీధి గుర్తొచ్చింది. మేం కొత్తగా భిలాయి వచ్చిన కాలంలో ఇక్కడ ఒకరి నిచ్చెన, ఒకరి రుబ్బురోలు, ఒకరి రేడియో, అన్నీ అందరివీ.

నాకు ఇంగ్లీషు నేర్పింది బడి కాదు, ఉక్కు ప్లాంటు గోడలు. బడి నన్ను పదో తరగతి దగ్గర వదిలేసింది. గోడలు వదల్లేదు. ఇక్కడ నిలబడకు, పైన క్రేను, ముందు చూడు తర్వాత ముట్టుకో. ఎర్ర అక్షరాలు ముందు చదవాలి, నల్లవి తీరికున్నప్పుడు చదువుకోవచ్చు. అలా ఒక్కో మాటా నిఘంటువులో వెతుక్కుని నేర్చుకున్నాను. రిటైరయ్యాక కంప్యూటరూ అలాగే. నేర్పేవాడు లేడు కనక తిట్టేవాడూ లేడు. ఇప్పుడు మా రుఆబాంధా సెక్టార్లో ఎవరి లాప్‌టాప్ మొండికేసినా "బలరాం మామయ్య దగ్గరకి తీసుకెళ్లు" అంటారు. ఆ మాట చెవిన పడితే నేను ఆ రోజు ఒక ముద్ద ఎక్కువ తింటాను. అబద్ధమెందుకు.

రోహిణిది మా వెనక లైను క్వార్టర్. మొగుడు నరేంద్ర చరోదా రైల్వే యార్డులో పని. ఇద్దరూ ఇక్కడ పుట్టినవాళ్లే, మధ్యలో హిందీ కలపకుండా నాలుగు తెలుగు ముక్కలు ఆడలేరు. ఆ పిల్ల ఎంబ్రాయిడరీ మిషన్ మీద పెళ్లి జాకెట్లకి బొమ్మలు కుడుతుంది. డిజైను లాప్‌టాప్‌లో తానే గీసి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి మిషన్‌కి గుచ్చుతుంది, మిషను దాని ప్రకారం కుట్టుకుపోతుంది. నెమళ్లు, మామిడి పిందెలు, ఏనుగుల వరసలు. కొన్నేళ్లుగా గీసినవన్నీ ఆ లాప్‌టాప్‌లోనే. నిన్న తెచ్చి ఇస్తూ, "డిజైన్లు పోవు కదా మామయ్యా?" అని అడిగింది.

"పోవడానికి అవేమైనా రైలెక్కాయా" అన్నాను. నవ్వి వెళ్లింది.

పని మొదలుపెట్టే వేళకి లక్ష్మీప్రసాద్ వచ్చాడు. ప్లాంటులో లాడిల్ సెక్షన్‌లో నా పక్కన పని చేసినవాడు. వాడికి కంప్యూటర్ అంటే ఏమీ తెలియదు, అందుకే నాకు వాడు మంచి శ్రోత. సింహాచలం టీ ఇచ్చింది. నేను చేస్తూ చెబుతున్నాను, వాడు తాగుతూ వింటున్నాడు. ఒక చోట తెర ఆగి అడిగింది: పాతదాని పక్కన సర్దుకోమంటావా, డిస్కంతా చెరిపేసి కూర్చోమంటావా?

"చూశావా ప్రసాదూ, ఎవరిని అడగాలో వాళ్లనే అడుగుతోంది" అన్నాను. "అడుగున స్కల్ ఉంచుకుని కొత్త హీట్ ఎవడైనా పడతాడా?"

ఈ మాటలు రాస్తుంటే ఇప్పటికీ ఒంట్లో వేడి పుడుతుంది. కరిగిన ఉక్కు పట్టే ఆ పెద్ద బాన, లాడిల్, దాని అడుగున పాత ఉక్కు గడ్డకట్టి మిగిలితే అది స్కల్, కొత్తగా పట్టే ఉక్కు హీట్. దాన్ని ఆక్సిజన్ మంటతో కోసి, గీకి, అడుగు కనిపించేదాకా మేం వదిలేవాళ్లం కాదు. నేను ఉన్నన్నాళ్లూ నా లాడిల్ అడుగు చూసి వేలు పెట్టి చూపించినవాడు లేడు. లక్ష్మీప్రసాద్ పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను రెండోది నొక్కాను.

డిజైన్ల సంగతి రేపు చూడాలి.

నవంబర్ 9

చూశాను. లేవు.

నవంబర్ 9, మధ్యాహ్నం

ముందు కాపీ చేసుకోవాలని నా డిస్కూ, దాని తీగా నేనే తీసి బల్ల మీద పెట్టుకున్నాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. తీగ చుట్ట కూడా విప్పలేదు.

ఇంకొకటి రాసి పెట్టుకోవాలి. ఆ లాప్‌టాప్ డిస్కు మొదట్నించీ కటకటమంటోంది. పాత సరుకు. ఎలాగూ ఎక్కువ కాలం ఉండేది కాదు.

సింహాచలం అన్నానికి పిలుస్తోంది.

మొదట్నించీ కటకటమంటోంది.

నవంబర్ 10, సోమవారం

ఇచ్చేశాను.

నేనే పట్టుకెళ్లాను. రోహిణి మిషన్ దగ్గర కూర్చుని దారం ఎక్కిస్తోంది. లాప్‌టాప్ తెరిచి ముందు అది ఎంత తొందరగా లేస్తోందో చూపించాను. తర్వాత లినక్స్‌లోనూ కుట్టు డిజైన్లు గీసే ప్రోగ్రాం ఉందని, అదీ ఊరికే వస్తుందని చూపించాను. తర్వాత తెర రంగు ఎలా మార్చుకోవాలో చూపించాను. ఇంకేం చూపించాలా అని నేను వెతుక్కుంటుంటే ఆ పిల్ల అడిగింది.

"బహుత్ బఢియా మామయ్యా. నా డిజైన్ల ఫోల్డర్ కహా రఖా?"

"అదే అమ్మా చెప్పబోతున్నాను. డిస్కు పోయిందమ్మా. నేను తెరిచేసరికే దాని పని అయిపోయింది. ఉన్నంతలో పైపై బాగుచేసి ఇచ్చాను."

ఇది ముందు రోజంతా గదిలో అటూ ఇటూ తిరిగి సానబట్టిన వాక్యం. నోట్లోంచి జారిపోయింది, ఎక్కడా తట్టుకోలేదు.

రోహిణి దారపు కండె ఒళ్లో పెట్టుకుని తెర వైపు చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడ్చినా బాగుండేది.

"మిషన్ టేబుల్ మీదే పెట్టేదాన్ని మామయ్యా. మిషను ఊగినప్పుడల్లా ఇదీ ఊగేది. ఈయన చెప్తూనే ఉన్నారు, వహా సే హటావో, హటావో అని. నేనే వినలేదు. మేరీ హీ గల్తీ."

"నీ తప్పేముందమ్మా" అన్నాను. ఈ రోజు మొత్తంలో నేనాడిన నిజం అదొక్కటే.

వస్తుంటే వెనక నుంచి పిలిచింది. ఒక డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. ఠేఠరీ, శెనగపిండితో ఇక్కడివాళ్లు చేసే కరకరలు. "అంత మెహనత్ చేశారు మామయ్యా, ఖాళీ చేతుల్తో ఎలా పంపను" అంది.

ఇంటికి తెచ్చాను. సింహాచలం తింది. నేను తినలేదు.

తర్వాత తిన్నాను.

నవంబర్ 12

మార్కెట్ దగ్గర టీ కొట్టులో లక్ష్మీప్రసాద్ నా గురించి అందరికీ చెబుతున్నాడు. "మా బలరాముడు సచ్చిన పెట్టెని లేపీసినాడు, నా కళ్లతో సూసినాను" అని. వాళ్లు నన్ను అడిగారు. అడిగితే నేను చెప్పకుండా ఉండలేను, పుట్టుకతో వచ్చిన జబ్బు. డిస్కు కథ చెప్పాను. చెప్పినకొద్దీ ఆ డిస్కు రోగం ముదిరింది. మొదట కటకటమంది, తర్వాత మూలిగింది, చివరికి నా చేతుల్లోనే ప్రాణం విడిచింది. విన్నవాళ్లు అయ్యో అన్నారు. నాకూ అయ్యో అనిపించింది. ఆ క్షణంలో నిజంగా దాన్ని బతికించడానికి శాయశక్తులా పోరాడినవాణ్ణి నేనే.

లక్ష్మీప్రసాద్ కూతురి పెళ్లి జాకెట్లు కూడా రోహిణికే ఇచ్చారట. ఆ అమ్మాయి వెనకటి డిజైన్లలోంచి ఒక నెమలిని ఏరుకుందట, వీపు నిండా పింఛం పరుచుకునేది. "అదిప్పుడు మళ్లీ మొదట్నుంచీ గీత్తంది పాపం" అన్నాడు లక్ష్మీప్రసాద్. "అయితే నువ్వున్నావు గదా సాయానికి."

ఉన్నాను. నిన్నా ఈ రోజూ వెళ్లాను. తెలుగు అక్షరాల ఫాంట్లు ఎక్కించాను. పూల రంగులు కలుపుకునే ప్రోగ్రాం ఒకటి, పాటలు వినేది ఒకటి, కళ్లు అలిసిపోకుండా తెర వెలుగు తగ్గించేది ఒకటి. దించుకున్నవన్నీ గుట్టగా ఆ డిస్కు నిండా పోశాను. ఏదైనా చేస్తుంటే మనసు కాస్త తేలికపడుతోంది. ఆ పిల్ల పక్కన కూర్చుని గీసుకుంటూ, "మీరు లేకపోతే నేనేం చేసేదాన్ని మామయ్యా" అంటోంది.

నవంబర్ 13

ఒక ఆటల ప్రోగ్రాం కూడా ఎక్కించాను. ఎందుకో తెలియదు. తను ఆటలాడదు.

నవంబర్ 15, శనివారం

చదవకుండా ఉండాల్సింది.

ఇంటర్నెట్‌లో లినక్స్ వాళ్లు ఒకరికొకరు సందేహాలు తీర్చుకునే చోటు ఒకటుంది. నేను అడగను, చదువుతాను అంతే. ఎక్కడి దేశం వాడో, నాలాగే డిస్కంతా చెరిపేసి ఏడుస్తున్నాడు. వాడు ఏడుపు మొదటి వాక్యంలోనే "నేను చెరిపేశాను" అని రాసుకున్నాడు. వాడికి వచ్చిన జవాబు: ముందు ఆ యంత్రం ఆపు. ఇప్పుడే ఆపు.

చెరపడమంటే నిజానికి చెరపడం కాదట. నా బుర్రకి ఎక్కేట్టు చెప్పుకుంటే ఇలా: మా సెక్టార్లో క్వార్టర్ల మీది నంబర్లన్నీ ఎవడో తుడిచేశాడనుకో. ఇళ్లు ఎక్కడికీ పోలేదు. ఎవరిల్లు ఏదో తెలియదు, అంతే. ఓపికున్నవాడు తలుపు తలుపూ తట్టి తెలుసుకోవచ్చు. కాని కొత్తవాడొచ్చి పాత గోడ మీద కొత్త గోడ లేపాడా, ఇక ఆ ఇల్లు లేదు. వెతికిపెట్టే ప్రోగ్రాం కూడా ఉందట. అదీ ఊరికేనే.

ఆ వేళే ఆపి ఉంటే దాదాపు అన్నీ దొరికేవి.

నేను ఆపలేదు. ఫాంట్లు ఎక్కించాను. పాటలది ఎక్కించాను. ఆటలు ఎక్కించాను. మనసు తేలికపడటం కోసం నేను చేసిన ప్రతి పనీ ఆ పిల్ల నెమళ్ల మీద ఇటుకలు పేర్చడమే. ఆ పిల్లా పేరుస్తోంది, పోయినవి మళ్లీ గీసుకుంటూ. ఇప్పుడు, నేనిది రాస్తున్న ఈ నిమిషంలోనూ పేరుస్తూనే ఉంటుంది.

ఆపాలి. ఆపమంటే ఎందుకు అంటుంది.

నవంబర్ 15, సాయంత్రం

వెళ్లాను. "ఒక్క రెండు రోజులు లాప్‌టాప్ ఇస్తావా అమ్మా, సర్వీసింగ్ చేస్తాను" అన్నాను.

"అభీ నహీ మామయ్యా, నెమలి సగంలో ఉంది. పెళ్లి నెత్తి మీదుంది. అయ్యాక తప్పకుండా ఇస్తాను."

"సరే" అన్నాను.

నవంబర్ 16, ఆదివారం

నరేంద్ర వచ్చాడు. వాడు మా ఇంటికి పండక్కి తప్ప రాడు. కుర్చీ అంచున కూర్చుని చేతులు నలుపుకున్నాడు.

"మామయ్యా, ఆ మిషన్ అమ్మేద్దామనుకుంటున్నా. మా యార్డులో పనిచేసేవాడి భార్యకి కావాలట. ఈ పెళ్లి పని అయిపోగానే తీసుకెళ్తానన్నాడు."

"రోహిణి ఏమంటోంది?"

"అదేమంటుంది. నా వల్లే పోయాయి అని రోజూ అదే పాట. ఏ డిజైన్ గుర్తు తెచ్చుకుందామన్నా రావట్లేదట. నేనూ నాలుగు మాటలన్నాను, ఝూఠ్ క్యోం బోలూ, అబద్ధమెందుకు. అక్కడ పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాను. మీరొకసారి చెప్పండి మామయ్యా, వదిలేయమని. మీ మాటంటే దానికి గురి."

నేను తల ఊపాను.

తల ఊపడం ఒప్పుకోవడం కాదు. వింటున్నాను అన్నందుకూ ఊపుతాం. మా నాన్న నిద్రలో కూడా ఊపేవాడు. ఒకసారి పంచాయితీలో అలాగే ఊపి, పక్కూరి వాళ్ల ఎద్దుకి జామీను పడ్డాడు. అసలా ఎద్దు

ఇక్కడ ఎద్దు కథ ఎందుకు రాస్తున్నాను?

తల ఊపాను. వాడు హమ్మయ్య అనుకుని వెళ్లాడు.

నవంబర్ 17

సింహాచలం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అడిగింది.

"ఏటైంది నీకు? నోరు కుట్టీసుకున్నావు. నాలుగు దినాలై ఒక్క కథ సెప్పలేదు."

"ఏం లేదు."

"రోహిణి పెట్టెలో డిస్కు సచ్చిపోనాదన్నావు గదా."

"ఆఁ."

"మరి ఆ పిల్ల దాని మీదే గీత్తన్నాదేటి?"

నా దగ్గర జవాబుంది. డిస్కులో ఒక వైపు చెడి ఒక వైపు బాగుండొచ్చు, ఇంగ్లీషులో దానికో పేరు కూడా ఉంది. చెప్పడానికి నోరు తెరిచాను. సింహాచలం నా వైపు చూడటం లేదు. చిక్కుడుకాయ ఒకటి విప్పి, లోపల పురుగుంటే పక్కన పెట్టి, ఇంకోటి అందుకుంది.

"నానేం అడగనులే" అంది. "నాకు తెలిసేదేటి. నాకే ఈ డౌటు వచ్చిందంటే, ఆ పిల్ల సదువుకున్నది, రేపో ఎల్లుండో దానికీ వస్తాది. అంతే."

నవంబర్ 18, మంగళవారం

పొద్దున్నే వెళ్లాను. దారిలో ఒక పాత సంగతి గుర్తొచ్చింది. దారి చిన్నదే, నేనే పొడుగు చేసుకున్నాను.

మా సెక్షన్‌లో షిఫ్టు మొదలయ్యే ముందు అందరం వరసగా నిలబడేవాళ్లం. ముందు రోజు ఎవరి చేతిలోనైనా పొరపాటు జరిగితే వాడు ముందుకొచ్చి తన నోటితో చెప్పాలి. మా ఫోర్‌మన్‌ది ఒకటే పట్టు. "గొలుసు జారింది సార్" అంటే ఒప్పుకోడు. "గొలుసు నేను సరిగా బిగించలేదు" అనేదాకా అందరినీ నిలబెట్టేవాడు. చలిలో, ఎండలో, వాడు అనేదాకా అంతే. తర్వాత తిట్టేవాడు కాదు. పనిలోకి పంపేవాడు.

రోహిణి గుమ్మం దగ్గరే కనిపించింది. నరేంద్ర డ్యూటీ దిగి వచ్చినట్టున్నాడు, లోపల మొహం తుడుచుకుంటున్నాడు. లాప్‌టాప్ తెరిచి ఉంది. తెర మీద నెమలి.

"రండి మామయ్యా, దేఖో, పింఛం అయిపోయింది."

"నేను చెరిపేశానమ్మా" అన్నాను.

"క్యా?"

"నీ డిజైన్లు. డిస్కు పోలేదు. నేను చెరిపేశాను."

నరేంద్ర తువ్వాలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. రోహిణి నా వైపు చూస్తూ ఉండిపోయింది, నేను నవ్వుతానేమోనని, ఇది కూడా నా కథల్లో ఒకటేమోనని. నేను నవ్వలేదు.

"చెరిపే ముందు అడగదా మామయ్యా అది? ఫోన్‌లో ఒక్క ఫోటో తీసేయాలన్నా అడుగుతుంది."

"అడిగింది."

"రాసి ఉంటుంది కదా. మీ ఫైళ్లన్నీ పోతాయి అని."

"ఎర్రగా రాసి ఉంది."

"చదివారా?"

ఇక్కడ నాకో దారి ఉంది. ఇంగ్లీషు సరిగా అర్థం కాలేదమ్మా, పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు కదా అంటే నమ్ముతుంది. జాలిపడుతుంది కూడా. ఇంకో డబ్బా ఠేఠరీ ఇస్తుంది.

"చదివాను. అర్థమైంది కూడా. లక్ష్మీప్రసాద్‌కి లాడిల్ కథ చెబుతున్నాను. కథ బాగా కుదిరిందని నొక్కాను."

తర్వాత మిగతాది చెప్పాను. ఇంకా కొన్ని అడుగున ఉండొచ్చని, ఈ లాప్‌టాప్ వాడినకొద్దీ అవి పూర్తిగా పోతాయని.

"ఇది మీకు ఎప్పుడు తెలిసింది?"

"శనివారం."

"శనివారం సర్వీసింగ్ అని అడిగింది ఇందుకా?"

"అవును."

"నేను ఇవ్వకపోతే సరే అన్నారు."

"అన్నాను."

రోహిణి లోపలికెళ్లి, లాప్‌టాప్ వైరు గోడలోంచి పీకేసింది. బ్యాటరీ ఏనాడో పోయింది కనక తెర నల్లబడిపోయింది, పింఛంతో సహా. ఇంతసేపూ మామూలుగానే ఉన్న గొంతు అప్పుడు మారింది.

"చెరిపారు, సరే. చేయి జారింది అనుకుంటా. శనివారం నుంచి మాత్రం నా పని నా చేత్తోనే తుడిపించారు. మీకు తెలిసి."

నరేంద్ర రోహిణి వైపు చూస్తున్నాడు. "నిన్నే కదా అన్నాను ఇన్ని రోజులూ" అన్నాడు చివరికి, నేలకి చెబుతున్నట్టు. రోహిణి లాప్‌టాప్ మూసి నా చేతికిచ్చింది.

"తీసుకెళ్లండి బలరాం గారూ."

నలభై గడపల మా లైన్లలో ఆ వయసువాళ్లెవరూ నన్ను ఎప్పుడూ గారూ అనలేదు. ఎంత మర్యాదగా అంది. ఇంటికొచ్చి గడియ పెట్టుకున్నాక కూడా అదే వినబడుతోంది.

నవంబర్ 19

డిస్కు విప్పి నా కంప్యూటర్‌కి తీగతో కలిపాను. అదే తీగ. వెతికే ప్రోగ్రాం నడుస్తోంది. మెల్లగా, తలుపు తలుపూ తట్టుకుంటూ.

డిస్కు కటకటమనడం లేదు. మొదట్నించీ అనలేదు.

నవంబర్ 21, శుక్రవారం

దొరికినవి దొరికాయి. పేర్లు లేవు. అన్నీ అంకెలే. లోపల ఏముందో తెరిస్తే గాని తెలియదు, తెరిచినా నాకు తెలియదు.

రోహిణి వచ్చింది. మా ముందుగదిలో నా బల్ల దగ్గర కూర్చుంది. నేను ఒక్కొక్కటే తెరుస్తాను, తను చూసి పేరు చెబుతుంది, నేను టైపు చేస్తాను.

"మామిడి పిందె, చిన్నది. తర్వాతది. ఇది మెడ చుట్టూ వచ్చేది, మణిమాల దీదీ వాళ్ల అమ్మాయి శ్రీమంతానికి. తర్వాతది. ఇది తెలియదు. ఇది... ఖరాబ్. తర్వాతది బలరాం గారూ."

కొన్ని ముక్కలే ఉన్నాయి. కొన్ని తెరుచుకోనే లేదు. ఏనుగుల వరస ఒక్కటీ రాలేదు. దాని కోసం తను ఎదురు చూస్తోందని చివరి ఫైలు దాకా వచ్చాక గాని నాకు తెలియలేదు. "ఇంకేం లేవా?" అంది. లేవన్నాను. తను మొదట గీసింది అదేనట.

సింహాచలం టీ తెచ్చి, "ఏటే పిల్లా, ఇలాగ చిక్కిపోనావు" అంది. "ఏం లేదు అత్తయ్యా" అంది రోహిణి. ఆవిడ ఇంకా అత్తయ్యే.

నవంబర్ 22

టీ కొట్టుకి వెళ్లలేదు. లక్ష్మీప్రసాద్ రెండుసార్లు ఫోన్ చేశాడు.

నవంబర్ 24

నరేంద్ర దారిలో ఎదురయ్యాడు. మిషన్ ఇవ్వనని యార్డులో వాడికి చెప్పేశాడట. మిషన్‌కి దూరంగా లాప్‌టాప్ పెట్టుకోవడానికి గోడకి చెక్క కొడుతున్నాడట. "ఎలాగూ ఊగకుండా ఉంటే మంచిదే కదా" అని సైకిల్ ఎక్కేశాడు.

నేను తిరిగిచ్చిన లాప్‌టాప్‌లోనే పెళ్లి నెమలిని రోహిణి పూర్తి చేసింది. తను వైరు పీకేసినప్పుడు అది పోయిందనుకున్నాను, కాని ముందు రోజుదాకా గీసింది పెన్‌డ్రైవ్‌లో వేసుకుందట. ఒక్క రోజు పనే పోయింది. ఇది నేనడగలేదు, సింహాచలం కనుక్కొచ్చింది.

డిసెంబర్ 3

పెళ్లి బాగా జరిగింది. పెళ్లికూతురి వీపు మీద నెమలిని ఆడవాళ్లందరూ తిప్పి తిప్పి చూశారు. రోహిణి దూరంగా నిలబడి చూస్తోంది. ఎవరో "బలరాం మామయ్యేగా నీ కంప్యూటర్ బాగుచేసింది" అన్నారు. ఆ పిల్ల నా వైపు చూసి, వాళ్ల వైపు తిరిగి, "భోజనాలకి పిలుస్తున్నారు" అంది.

నా పరువు ఆ పిల్ల చేతిలో ఉంది. తను దాన్ని వాడుకోనూ లేదు, నాకు తిరిగి ఇవ్వనూ లేదు.

డిసెంబర్ 7, ఆదివారం

పొద్దున రోహిణి వచ్చింది. మడత పెట్టిన గుడ్డ ఒకటి బల్ల మీద పెట్టి విప్పింది.

లాప్‌టాప్ మీద కప్పుకునే గుడ్డ. ముదురు నీలం. దాని మీద నెమలి. పింఛం కింది అంచు నుంచి మొదలై, కన్నుకి కన్ను, దారం మెరుస్తూ, పైకి పైకి వచ్చింది. ఒళ్లు వచ్చింది. మెడ మొదలైంది. మొదలైన చోట ఆగిపోయింది. ఆ పైన ఉత్త నీలం గుడ్డ.

"పాత నెమలి ఇది, అసలుది. మీరు దొరికించినవాటిలో ఉంది. ఫైలు ఎక్కడిదాకా ఉందో మిషను అక్కడిదాకా కుట్టి ఆగింది. నేనేం కలపలేదు."

తల ఏ ఇటుకల కింద ఉందో. నా ఫాంట్ల కిందో, ఆ ఆటల కిందో. లేదా శనివారం తర్వాత తను గీసిన కొత్త నెమలి కిందో. అడగలేదు. చేత్తో తడిమాను. దారం ఆగిన చోట చిన్న ముడి.

"నాకెందుకమ్మా ఇది?"

"ఇక్కడికి చాలా మంది లాప్‌టాప్‌లు తెస్తారు కదా బలరాం గారూ. దీన్ని మీ కంప్యూటర్ మీద కప్పండి. అడుగుతారు."

అంతే అంది. లోపలికెళ్లి సింహాచలంతో కాసేపు మాట్లాడి, పెరటి వైపు నుంచి వెళ్లిపోయింది.

కప్పాను. తీసి మడిచి లోపల పెట్టాను. మళ్లీ తెచ్చి కప్పాను.

డిసెంబర్ 9

సాయంత్రం లక్ష్మీప్రసాద్ వచ్చాడు. పెళ్లి అలసట తీరినట్టుంది, పాత లాప్‌టాప్ ఒకటి చంకలో పెట్టుకొచ్చాడు. అల్లుడు వదిలేసిందట. "దీన్నీ లేపీసి ఇయ్యి, నీకేటి పెద్ద పనా" అంటూ కూర్చున్నాడు. సింహాచలం టీ ఇచ్చి, వెళ్లకుండా తలుపు చెక్కకి ఆనుకుని నిలబడింది.

ముందు తీగ తీశాను. చుట్ట విప్పాను. వాడి లాప్‌టాప్‌కి నా డిస్కు కలిపి, ఉన్నవన్నీ అందులోకి దించుకోమని చెప్పాను. అది దించుకుంటుండగా వాడి కళ్లు గుడ్డ మీద పడ్డాయి.

"ఇది మా పిల్ల జాకెట్టు మీది నెమలే గదా. దీనికి తల లేదేటి బలరామూ?"

"అదా," అన్నాను. "ఆ డిస్కు ఉందే..."

సింహాచలం కదలలేదు.

"నేను," అన్నాను.

లక్ష్మీప్రసాద్‌కి నా గొంతులో ఏదో కథ వాసన తగిలింది. అలవాటు కొద్దీ టీ గ్లాసు రెండు చేతుల్లోకి తీసుకుని, కుర్చీ దగ్గరకి లాక్కుని, సర్దుకుని కూర్చున్నాడు.

"సెప్పు, సెప్పు. పొద్దు పోయేదాకా కూసుంటాను."

"అక్కర్లేదు ప్రసాదూ," అన్నాను. "ఇది పొట్టిది. ఆ వేళ నువ్వు ఈ కుర్చీలోనే ఉన్నావు."